గల్లాలో చిల్లర లేదు, మంచం కింద నాలుగు డబ్బాలు

ప్రశ్న: మాది చిన్న పట్టణం. మావారికి 58 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. గల్లాలోకి వచ్చే రెండు, అయిదు, పది రూపాయల చిల్లరలో ప్రత్యేకమైన బొమ్మలున్న బిళ్లలన్నీ ఏరి ఇంటికి తెస్తారు. మంచం కింద నాలుగు స్టీలు డబ్బాలు నిండాయి. ఒక్కొక్కటి ఆరేడు కిలోలు ఉంటుంది. లక్ష రూపాయలైనా అలా మూలుగుతున్నాయని నా భయం. కొట్టులో మాత్రం చిల్లర లేదని చాక్లెట్లు చేతిలో పెడుతున్నారు. దాంతో బేరాలు పక్క కొట్టుకు పోతున్నాయి. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ, సంతోషిస్తారు కదా అని ఒక డబ్బాలోని బిళ్లలు చింతపండుతో తోమి మెరిపించాను. అది చూసి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ఈ మధ్య వైష్ణోదేవి బిళ్లకు పది లక్షలు ఇస్తామని ఎవరో ఫోను చేస్తే రిజిస్ట్రేషన్ కోసమని రెండు విడతలుగా 14,500 పంపారు. ఇప్పటికీ వాళ్ల ఫోను కోసం ఎదురుచూస్తున్నారు. మా అత్తగారు పోయాక ఆవిడ పావలాల ముంత ఒకటి బయటపడింది, అప్పటి నుంచే ఈ అలవాటు ముదిరింది. ఇది జబ్బా? ఆయన ఊరెళ్లినప్పుడు అన్నీ బ్యాంకులో వేసేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. వేసేయమంటారా?

జవాబు: అమ్మా, ఆయన లేనప్పుడు ఆ డబ్బాలను కదపకండి. ఊరి నుంచి వచ్చి మంచం కింద చెయ్యి పెడితే ఖాళీ నేల తగిలిన మనిషి దాచడం మానరు, మీకు కనబడని చోటు వెతుక్కుంటారు. ఇప్పుడు కనీసం ఎక్కడున్నాయో మీకు తెలుసు.

అన్నిటికంటే ముందు తేల్చాల్సింది ఆ 14,500 సంగతి. ఈ రోజే సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోను చేయించి ఫిర్యాదు నమోదు చేయించండి. డబ్బు పంపిన వెంటనే చెబితే దాన్ని ఆపే అవకాశం ఎక్కువ, ఆలస్యమైనా చెప్పడమే మంచిది. వాళ్ల సందేశాలు, నంబర్లు, డబ్బు వెళ్లిన ఖాతా వివరాలు చెరపనివ్వకండి. పాత నాణేలు, నోట్లు కొంటామంటూ తమ పేరూ ముద్రా వాడుకుని కమీషన్లు, పన్నులు అడిగేవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. తాము అలాంటి వ్యవహారాలు చేయమని, ఏ రుసుమూ అడగమని అందులో స్పష్టంగా చెప్పింది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు, పది రూపాయల బిళ్లలు 2012లో వచ్చాయి. పప్పు, ఉప్పు కొనేవాళ్ల చేతుల మీదుగా మీ గల్లాలోకి నడిచి వచ్చిన బిళ్లకు పది లక్షలు ఎవరు ఇస్తారు? కొనేవాడు డబ్బు ఇవ్వాలి గాని మన దగ్గర తీసుకోవడమేమిటి? ఈ మాట మీవారికి మీరే చెప్పండి, మీ అబ్బాయి చేత చెప్పించకండి. కొడుకు ఎదుట మోసపోయిన మనిషిగా నిలబడటం ఏ తండ్రికైనా కష్టం. ఆయన ఇంకా ఆ ఫోను కోసం చూస్తున్నది పది లక్షల ఆశతోనే అయి ఉండదు. అది రాదని ఒప్పుకున్న క్షణాన పోయిన డబ్బుతో పాటు పరువు కూడా లెక్కలోకి వస్తుంది. ‘పోతే పోయింది, ఇంకొక్క రూపాయి పంపవద్దు’ అని మీ నోట వింటే ఆ ఒప్పుకోవడం ఆయనకు కొంత తేలిక అవుతుంది.

ఇక మీ లక్ష రూపాయల భయం. కొట్టులో కాటా ఉంది కదా, ఆయన్నే తూచమనండి. పాత తెల్ల అయిదు రూపాయల బిళ్ల 9 గ్రాములు, కిలోకు 111 వస్తాయి, అంటే 555 రూపాయలు. పాత రెండు రూపాయల బిళ్ల 6 గ్రాములు, కిలో చేస్తే 330 రూపాయల చిల్లర. రెండు రంగుల పది రూపాయల బిళ్ల సుమారు 7.7 గ్రాములు, కిలోకు దాదాపు 1,300. నాలుగు డబ్బాలూ కలిపి ఇరవై ఎనిమిది కిలోలున్నా, అన్నీ పది రూపాయల బిళ్లలే అనుకున్నా, 36 వేల దగ్గర ఆగిపోతుంది. కలగలుపుగా ఉంటే అందులో సగమే ఉండవచ్చు. చిన్న కొట్టుకు అదీ తక్కువ సొమ్మేమీ కాదు. అయినా రాత్రిళ్లు మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ లక్ష అక్కడ లేదు.

చింతపండు సంగతి దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది అదే. నాణేలు సేకరించేవాళ్లు వాటిని తోమరు. ఏళ్ల తరబడి నాణెం మీద ఏర్పడిన పొర, ఆ మసక రంగు, వాళ్లకు దాని వయసుకు సాక్ష్యం. పులుపు ఆ పొరను తినేస్తుంది, రుద్దితే సన్నటి గీతలు పడతాయి. తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు, తోమిన నాణేనికి విలువ తగ్గించేస్తారు. మీరేమో పండగకు దేవుడి దగ్గర ఇత్తడి సామాన్లు తోమినంత శ్రద్ధగా తోమారు. ఆయనకు ప్రియమైన వాటిని మెరిపించాలనుకున్నారు. ఆయన బాధ ఎందుకో మీకు తెలియదు, మీ ఉద్దేశం ఏమిటో ఆయనకు తెలియదు. తొమ్మిది రోజులు ఇద్దరూ ఎవరి గాయంతో వాళ్లు ఉండిపోయారు. ‘తోమకూడదని నాకు తెలియదండీ, మీరు సంతోషిస్తారనుకున్నాను’ అని ఇప్పుడైనా చెప్పండి. ఆలస్యమైందని ఊరుకోకండి.

ఆ తరువాత ఒక సాయంత్రం డబ్బా ముందేసుకుని ఆయన పక్కన కూర్చోండి. ఏది ఎందుకు ఉంచారో అడగండి. 2003 నాటి రెండు రూపాయల రైల్వే బిళ్ల మీద లాంతరు పట్టుకున్న ఏనుగు పిల్ల ఉంటుంది. 2010 నాటి అయిదు రూపాయల బిళ్ల మీద తంజావూరు బృహదీశ్వరాలయం ఉంటుంది, ఆ గుడికి వెయ్యేళ్లు నిండిన సందర్భానిది అది. సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం కనిపిస్తే ఆ బిళ్ల మన హైదరాబాద్ టంకశాలలో తయారైనదని అర్థం. ఇవి ఆయనకు తెలిసే ఉంటాయి. ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. హైదరాబాద్ సైఫాబాద్‌లోని పాత టంకశాలలో 2022లో మ్యూజియం తెరిచారు, వీలైతే ఇద్దరూ వెళ్లి చూసి రండి.

ఈ కబుర్లలోనే మరో మాట కూడా కలపవచ్చు. 2023లో ఎన్.టి.రామారావు శతజయంతికి వచ్చిన వంద రూపాయల స్మారక నాణెం సగం వెండి. దాన్ని టంకశాల నేరుగా ఎక్కువ ధరకు అమ్మింది, అది ఎవరి చిల్లరలోనూ రాదు. గల్లాలోకి వచ్చే స్మారక నాణేలు చలామణీ కోసం పెద్ద సంఖ్యలో ముద్రించినవి. చూడముచ్చటగా ఉంటాయి, కథలు చెబుతాయి, ఇంచుమించు అన్నిటి విలువా వాటి మీద రాసి ఉన్నంతే. సేకరించేవాళ్లకు ఒక్కో రకం ఒక్కటి చాలు, నచ్చితే టంకశాల గుర్తు మారినప్పుడు ఇంకొకటి. మీవారి డబ్బాలో ఒకే బొమ్మ బిళ్లలు రెండు వందలు ఉన్నాయంటే అది సేకరణ హద్దు దాటింది. ‘ఈ రెండోది ఎందుకు?’ అని కోపం లేకుండా అడగండి. జవాబు వచ్చేవరకూ ఆగండి.

ఆ జవాబు పావలాల ముంత దగ్గర ఉందేమోనని నాకనిపిస్తోంది. దాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. ఒక తల్లి కష్టపడి కూడబెట్టిన ముంత, మార్చుకునే గడువు దాటిపోయాక కొడుకు చేతికి వచ్చింది. తెరిచి చూసినప్పుడు ఆయన మనసులో ఏం మెదిలి ఉంటుందో ఆలోచించండి. ‘ఇవి నాకు ముందే తెలిసి ఉంటే’ అనుకుని ఉండవచ్చు, ‘ఏనాటికైనా వీటికి విలువ వస్తుంది’ అని తనకు తాను చెప్పుకుని ఉండవచ్చు. నేను ఆయనతో మాట్లాడలేదు కాబట్టి ఇదే కారణమని తేల్చి చెప్పను. కానీ అడిగి చూడవలసిన మొదటి ప్రశ్న ఇదే.

కొట్టు విషయంలో మాత్రం మెత్తబడకండి. గల్లాలో బిళ్లలు ఉండగా లేవని చాక్లెట్ చేతిలో పెట్టడం నమ్మి వచ్చిన మనిషి పట్ల అన్యాయం. మీరు చెప్పిన బేరాలు పోవడానికీ అదే కారణం. రోజుకు తన దగ్గర లేని రకం ఒకటో రెండో తీసుకోవచ్చు, అంతే విలువ తన జేబులోంచి గల్లాలో వేయాలి, సాయంత్రం వరకు చిల్లర అడిగినవారికి కాదనకూడదు. ఈ మూడూ ఆయనే ఒప్పుకునేలా మాట్లాడండి. ఏరిన వాటికి ఒక ఆల్బమ్ కొనిపెట్టండి. మిగిలినవి కొద్దికొద్దిగా కొట్టులోనే ఖర్చయిపోతాయి. మరీ ఎక్కువైతే వందేసి చొప్పున సంచుల్లో కట్టి బ్యాంకుకు తీసుకెళ్లండి. ఖాతాలో జమ చేసే నాణేలకు పరిమితి లేదని రిజర్వు బ్యాంకే చెబుతోంది.

జబ్బా అని అడిగారు. వస్తువులను వదల్లేక పోగు చేయడాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తించిన మాట నిజమే. అందులో వస్తువుకు విలువ ఉన్నా లేకపోయినా పారేయలేరు, పారేయాలంటే తట్టుకోలేరు, చివరికి నడవడానికీ పడుకోవడానికీ చోటు మిగలదు. మీవారు ఏరేవి బిళ్లలు మాత్రమే, మీ ఇంట్లో నిండింది మంచం కింద చోటు మాత్రమే. ఇంతమాత్రానికి ఆ పేరు పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. అయితే ఖాళీ సీసాలు, పాత రసీదులు, సంచులు కూడా పోగవడం మొదలైనా, ఒక్క బిళ్ల ఇచ్చేటప్పుడు చేతులు వణికినా, అప్పు చేసి మళ్లీ ఎవరికైనా డబ్బు పంపినా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీరు తోమిన ఆ డబ్బాతోనే మొదలుపెట్టండి. ఆయన లెక్కలో వాటికి సేకరణ విలువ ఎలాగూ తగ్గిపోయింది. నచ్చిన రకం ఒక్కటి ఉంచుకుని మిగిలినవి ఆయన చేత్తోనే గల్లాలో వేయమనండి. పావలాల ముంతను మాత్రం ఎవరూ ముట్టుకోకండి, దాన్ని దేవుడి గూటి పక్కన పెట్టుకోనివ్వండి.