పిల్లలకు బ్యాక్‌గామన్ నేర్పితే జూదం నేర్పినట్టేనా?

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచి నాకు పాచికలు వేసి కాయలు నడిపే బోర్డు ఆట బ్యాక్‌గామన్ అంటే ప్రాణం. మా అబ్బాయికి 14 ఏళ్లు, అమ్మాయికి 12. సెలవుల్లో ఇద్దరికీ నేర్పుదామని బోర్డు కొన్నాను. అది చూడగానే నా భార్య గొడవ పెట్టుకుంది. "ఇవాళ పాచికలు, రేపు పందేలు. మా తమ్ముడు చేసిన అప్పులు చాలవా?" అంటోంది. అతను ఆన్‌లైన్ పేకాటలో బాగా పోగొట్టుకున్న మాట నిజమే. నేనూ నెలకోసారి స్నేహితులతో చిన్న పందేలు పెట్టి ఆడతాను, అదీ సరదాకే. చదరంగం నేర్పితే ఎవరూ ఏమీ అనరు. దీనికే ఎందుకింత టెన్షన్?

జవాబు: "అదీ సరదాకే" అని రాశారు చూడండి, మీ ఆవిడ ఈ మాట తమ్ముడి నోట కూడా వినే ఉంటుంది. ఆట ఎంత గొప్పదో చెప్పి ఆవిడను ఒప్పించాలనుకుంటే పని జరగదు. పిల్లలకు నేర్పాలనుకుంటే ముందు మీ నెలవారీ పందేలు మానేయండి. తండ్రి డబ్బు పెట్టి ఆడుతూ పిల్లలను వద్దంటే వాళ్లు దేన్ని నమ్ముతారు?

ఆవిడ భయం ఉత్తిదేమీ కాదు. చదరంగంలో కొత్తవాడు ఆరితేరినవాడి మీద గెలవడం దాదాపు జరగదు. ఇక్కడ పాచికలు కలిసొస్తే అప్పుడప్పుడూ గెలుస్తాడు. పిల్లలకు ఉత్సాహం వచ్చేది అందుకే, పందెం కాసేవాడు ఓడినా మళ్లీ వచ్చి కూర్చునేదీ అందుకే. 2, 4, 8 అంటూ 64 దాకా అంకెలుండే, పందెం రెట్టింపు చేయడానికి వాడే డబ్లింగ్ క్యూబ్ కూడా 1920లలో న్యూయార్క్‌లో పందేలు కాసేవాళ్ల మధ్యే పుట్టింది. ఈ సంగతి పిల్లలకు దాచకండి. ఫోన్‌లో ఆట పేరు కొడితే ఎలాగూ కనబడుతుంది, మీ నోటి నుంచి ముందు వింటే మంచిది.

మొదట్లో ఆ క్యూబ్‌ను పెట్టెలోంచి తీయొద్దు. ఒక్కొక్కరికి 15 కాయలు, బోర్డు మీద 24 గళ్లు, రెండు పాచికలు. నడక నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. అసలు రుచి తర్వాత తెలుస్తుంది. అబ్బాయి ఒంటరి కాయ మీ కాయకు సరిగ్గా 6 గళ్ల దూరంలో ఉందనుకోండి. రెండు పాచికలు పడే తీరులు మొత్తం 36. వాటిలో ఎన్ని పడితే మీరు దాన్ని కొట్టగలరో వాడినే కాగితం మీద రాయమనండి. ఏదో ఒక పాచిక మీద 6 పడేవి 11. 5-1, 4-2 రెండేసి తీరుల్లో పడతాయి, కాబట్టి ఇంకో 4. జంట పడితే ఆ అంకెను నాలుగుసార్లు నడపొచ్చు కాబట్టి జంట 3, జంట 2 కూడా కలిపితే 17. దారిలో అడ్డు లేకపోతే అన్నమాట. అదే కాయ ఇంకొక్క గడి దూరంలో, అంటే 7లో ఉంటే? 6 తీరులే! ఒక్క గడికి ఇంత తేడా ఉందని సొంతంగా లెక్కేసి తెలుసుకున్నాక, "నా టైమ్ బాగాలేదు" అని పాచికలను తిట్టడం కొంచెం తగ్గుతుంది. సరైన ఎత్తు వేసి కూడా ఓడిపోవచ్చని అర్థమవుతుంది. ఈ ఒక్కటి పద్నాలుగేళ్లకే తెలిస్తే, నా లెక్కలో బోర్డు ఖరీదు వచ్చేసినట్టే.

అలాగని లెక్కలు వస్తే జూదం అంటదని మాత్రం ఆవిడతో అనకండి. "నాకు లెక్క తెలుసు, నేను పోగొట్టుకోను" అనుకునే వాళ్లూ పందేల్లో మునుగుతారు. అందుకే ఇంట్లో పందెం పేరే వద్దు. డబ్బే కాదు, ఫోన్ టైమ్, "ఓడితే నా పని నువ్వు చెయ్యి" లాంటివి కూడా. పాయింట్లు కాగితం మీద రాసుకుని, ముందు 5 తెచ్చుకున్నవాళ్లు గెలిచినట్టు ఆడండి. చేయి తిరిగాక క్యూబ్ తీసినా అది ఆ పాయింట్లకే. ఎదుటివాళ్లు రెట్టింపు అన్నప్పుడు, సుమారుగా నాలుగింట ఒక వంతు గెలిచే అవకాశం ఉంటే ఒప్పుకోవాలి, లేకపోతే ఆ ఆట వదులుకోవాలి. నిజానికి ఆటలో నాకు బాగా నచ్చే భాగం ఇదే, కానీ తొందరేం లేదు.

కాయిన్లు కొనిపించే యాప్‌లు వద్దు. కంప్యూటర్‌తో ఆడాలంటే గ్నూ బ్యాక్‌గామన్ ఉచితం, ఏ ఎత్తు తప్పో కూడా చూపిస్తుంది. ఓడినప్పుడల్లా "ఇంకొక్కటే, ఇది గెలిచి లేస్తా" అంటూ పిల్లలు నిద్ర మానుకుని కూర్చుంటున్నా, "ఎంత పందెం?" అని మొదలుపెట్టినా బోర్డు కొన్నాళ్లు పైన పెట్టేయండి. ఎప్పుడు పెట్టేయాలో చెప్పే అధికారం మీ ఆవిడకే ఇవ్వండి. ఇవన్నీ విన్నాక కూడా ఆవిడ వద్దంటే ఈ సెలవులకు మానుకోండి. ఆట ఎక్కడికీ పోదు.

మీ బావమరిది ఇంకా ఆడుతున్నాడో లేదో మీరు రాయలేదు. ఆడుతుంటే మాత్రం అతను వచ్చినప్పుడు బోర్డు బయటికి తీయకండి. జూద వ్యసనానికి చికిత్స ఉంది. అతన్ని సైకియాట్రిస్ట్ దగ్గరికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి, బోర్డు సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.