ఇరానీ చాయ్ ఇంట్లో మామూలు టీలా వస్తోందంటే

ఇంట్లో చాలామంది పాలు, టీ పొడి కలిపి మరిగిస్తారు కదా, తేడా అక్కడే వస్తుంది. హైదరాబాద్ ఇరానీ చాయ్‌కి డికాక్షన్ వేరు, పాలు వేరు.

2 గ్లాసుల నీళ్లలో 3 చెంచాల టీ పొడి, 2 చెంచాల పంచదార వేసి, మూత అంచుకి గోధుమపిండి ముద్ద అతికించి, బాగా సన్న సెగ మీద 20 నిమిషాలు దమ్ పెట్టండి. మూత లేకుండా మరిగిస్తే వాసన ఆవిరితో పోయి వగరే మిగులుతుంది.

అరలీటరు చిక్కటి పాలు సగమయ్యేదాకా కలుపుతూ కాచండి. అంచులకంటిన మీగడ గీకి మళ్లీ పాలలోకే వేయండి, ఆ కమ్మదనమంతా దానిదే! కప్పులో ముందు డికాక్షన్, పైన పాలు, సగం సగం. అల్లం, యాలకులు అస్సలు వద్దు.

ఉస్మానియా బిస్కెట్ రెండు క్షణాలే ముంచండి, ఎక్కువైతే విరిగి అడుగున పడుతుంది.