పాఠకుల ప్రశ్నలు: దాకలా, రాతి చీలా?

ప్రశ్న: గోల్కొండ కోట గోడ బయట, వానకు కోసుకుపోయిన మట్టిలో జానెడు పొడవున్న ఇనుప దిమ్మె ఒకటి బయటపడింది. పైభాగం అంచులు విచ్చుకుని ఉన్నాయి, కింది వైపు సన్నబడింది. మా పెద్దనాన్నగారు అది కమ్మరి దాకలి, అంటే కాలిన ఇనుమును పైన పెట్టి సుత్తితో సాగగొట్టే దిమ్మె, అంటున్నారు. దానిని కదపకుండా ఫోటోలు తీసి పంపుతున్నాను. (ఒక పాఠకుడు, లంగర్‌హౌజ్)

జవాబు: కదపకపోవడం మంచి పని. దాకలికీ, బండను చీల్చే ఇనుప చీలకూ పైభాగం దెబ్బలు తిని విచ్చుకుంటుంది కాబట్టి, తేడా కింది కొసలో చూడాలి. మొద్దులోకి దిగగొట్టే దాకలి నాలుగు వైపుల నుంచీ సన్నబడి మొనదేలుతుంది. దాని పైముఖం వెడల్పుగా, వాడకానికి నున్నబడి, అంచులు అరిగి ఉంటుంది. మీ ఫోటోలోని దిమ్మె రెండు వైపుల నుంచే పలచబడి, గొడ్డలి వాదరలాంటి కొసతో ముగుస్తోంది. కనుక ఇది రాతిపనివారి చీల అని నా అభిప్రాయం. చుట్టుపక్కల బండల అంచున సగానికి తెగిన దీర్ఘచతురస్రపు గుంతలు వరుసగా కనిపిస్తే ఆ అభిప్రాయం బలపడుతుంది, ఎందుకంటే అలాంటి గుంతలలో చీలలు దించి, సమ్మెటతో వంతులవారీగా కొట్టి గ్రానైటును చీల్చేవారు.

అయినా మీ పెద్దనాన్నగారి మాటను పూర్తిగా తోసిపుచ్చలేము. గ్రానైటు మీద ఉలి త్వరగా మొద్దుబారుతుంది, దానిని మళ్ళీ కాల్చి సాగగొట్టడానికి రాతిపని జరిగే చోటనే కొలిమి అవసరమవుతుంది. కొలిమి ఉన్న చోట బొగ్గు నలుసులు, అడుగు గుండ్రంగా పైన చదునుగా ఉండే బరువైన ఇనుప చిట్టెం (ఇనుము నుంచి వేరుపడి గడ్డకట్టిన మలినం), అన్నిటికంటే ముఖ్యంగా, ఎర్రగా కాలిన ఇనుము నుంచి సుత్తి దెబ్బకు రాలిన పలుచని నల్లటి పొరలు మట్టిలో మిగిలిపోతాయి. ఆ పొరలు గోటి మీద నిలిచేంత చిన్నవి, అయస్కాంతానికి అంటుకుంటాయి. దాకలిని కమ్మరి తనతో తీసుకుపోతాడు, ఈ పొరలను మాత్రం ఎవరూ ఏరుకోరు. అందుకే పనిముట్టుకన్నా అది పడి ఉన్న మట్టే ఎక్కువ చెబుతుంది. ఆ మట్టిని తవ్వి చూడటం మాత్రం పురావస్తు శాఖవారి పని.

కాలం సంగతికి వస్తే, కుతుబ్ షాహీలు 1518 నుంచి 1687 వరకు పాలించారు గానీ, చీలలతో రాయి చీల్చడం ఈ ప్రాంతంలో ఆ తరువాత కూడా ఎంతో కాలం సాగింది కనుక ఆకారాన్ని బట్టి ఏళ్లు కట్టలేము. తుప్పు తిన్న చోట చెక్కలో ఉన్నట్టు నిలువు చారలు తేలితే, అది చిట్టెం కలిసిన పాతరకం ఇనుము కావచ్చు. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోతో, చోటు వివరాలతో కోటలోని కేంద్ర పురావస్తు శాఖ సిబ్బందికి తెలియజేయండి.

ప్రశ్న: మా ఇంట్లోని పాత పట్టకారు తుప్పును యాసిడ్‌తో వదిలించవచ్చా? (ఒక పాఠకురాలు, సైదాబాద్)

జవాబు: వద్దు. యాసిడ్ తుప్పుతో పాటు సుత్తి గుర్తులనూ, మూతి లోపలి గాట్లనూ తినేస్తుంది. ఆ పట్టకారు బద్దను పట్టేదో, గుండ్రటి కడ్డీని పట్టేదో తెలిసేది ఆ మూతిని బట్టే. ఊడివచ్చే మట్టిని పొడి బ్రష్షుతో దులిపి, తేమ తగలని చోట పెట్టండి.