తాతగారి యాషికా, అగ్ఫా కెమెరాలు రెండూ కలిపి 3 వేలకు అడుగుతున్నారు. ఇచ్చెయ్యమంటారా?

ఇవ్వకండి. కనీసం ఈ ఆదివారం దాకా ఆగి, కింద చెప్పినవి చూసుకోండి.

పెద్ద కెమెరాకి ముందు ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు, పేరు ‘యాషికా మ్యాట్ 124జి’ అన్నారు. దాన్ని చూసి కొట్టాయన ‘నూరేళ్ల నాటిది, ఎవరు కొంటారమ్మా’ అన్నాడా! ఈ మోడల్ వచ్చింది 1970లో, తయారీ ఆగింది 1986లో. 120 రకం రీలు వేస్తే 12 ఫొటోలు, 220 రకం వేస్తే 24. పేరులోని 124 ఆ 12, 24 నుంచి వచ్చిందే. ‘జి’ అంటే గోల్డ్, లోపల వెలుతురు కొలిచే మీటరు కాంటాక్టులకు బంగారు పూత. గీకితే ఏమీ రాదు లెండి. ఫిల్ము పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఇప్పటికీ దీనికోసం వెతుకుతుంటారు. బాగా పనిచేసేదైతే బయటి దేశాల్లో 200 డాలర్లు దాటే పలుకుతుంది.

చిన్నది అగ్ఫా క్లిక్ 3. బరోడాలో తయారయ్యేది, ఒకప్పుడు మధ్యతరగతి ఇళ్లలో ఉండేది ఇదే. దానికి వెయ్యి వచ్చినా గొప్పే. నేనైతే ఉంచుకుంటాను.

యాషికా ధర పేరులో లేదు, గాజులో ఉంది. వెనక తలుపు తెరిచి, స్పీడు ‘బి’లో (బటన్ నొక్కినంతసేపూ షట్టరు తెరిచే ఉంటుంది) పెట్టి, పక్కనున్న పిడి తిప్పి, బటన్ నొక్కి పట్టుకోండి. ఫోను టార్చి ఒక వైపు నుంచి వేసి, రెండో వైపు నుంచి లెన్సులోకి చూడండి. దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. సాలెగూడులా పోగులు పోగులుగా కనిపిస్తే అది ఫంగస్, ధర సగానికి పడుతుంది. మన ఊళ్లో వానాకాలమంతా తోలు కేసులో బిగించి బీరువాలో పెడతాం కదా, తోలు తేమను పట్టి ఉంచుతుంది. కేసు వేరుగా పెట్టండి. తర్వాత స్పీడు 1 సెకనుకి మార్చి, మళ్లీ పిడి తిప్పి, బటన్ నొక్కి వినండి. షట్టరు బరబరమని తిరిగి మూసుకోవాలి. మధ్యలో ఆగిపోతే లోపల నూనె ఎండినట్టు, సర్వీసు చేయిస్తే సరిపోతుంది. సెల్ఫ్ టైమర్ జోలికి మాత్రం పోవద్దు, పాతవాటిలో అది ఇరుక్కుంటే షట్టరే ఆగిపోతుంది. మీటరు పనిచేయలేదని టెన్షన్ పడకండి. దానికి వేసే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు, అందరూ ఫోను యాప్‌తోనే వెలుతురు కొలుస్తున్నారు. కొట్టాయన మాత్రం ‘మీటర్ డెడ్’ అని బేరం మొదలుపెడతాడు, చూడండి.

బాగుచేయించడానికి ఇచ్చే ముందు ఒక పని చేయండి. బాడీ మీద నంబరు, లెన్సు గాజు చుట్టూ ఉండే నంబరు, రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసింది. మా నాన్నకు చిక్కడపల్లిలో స్టూడియో ఉండేది. లోపల పనికి యాషికా, పెళ్లిళ్లకు రష్యా జెనిత్-ఇ. ఆయన పోయాక జెనిత్ షట్టరు ఇరుక్కుంటే ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాను. తిరిగొచ్చాక ఫొటోలు పొగమంచులో తీసినట్టు వచ్చాయి. నా చేతే బాలేదనుకున్నాను. చాలా రోజులకి నాన్న పెళ్లి ఆర్డర్ల పుస్తకంలో వెనక పేజీ చూస్తే నంబర్లు రాసి ఉన్నాయి. జెనిత్ ఫ్యాక్టరీ నంబర్లలో మొదటి రెండంకెలు తయారైన సంవత్సరం. నాన్న రాసుకున్నవి రెండూ 77తో మొదలవుతున్నాయి, నా చేతిలో ఉన్న లెన్సు 83. మార్చేశారు! వెళ్లి అడిగేసరికి అక్కడ ఫోను కవర్లు అమ్ముతున్నారు.

ధర కోసం వెతికేటప్పుడు అమ్మకానికి పెట్టినవాళ్లు అడిగే రేట్లు చూడకండి, 50 వేలని కూడా పెడతారు. ఈబేలో ‘సోల్డ్’ అని వడపోసి, నిజంగా అమ్ముడుపోయినవి చూడండి. మీదానికి ఏ లోపాలున్నాయో వాటిలోనూ అవే లోపాలున్నవాటితో పోల్చండి. అలా చేసి మా యాషికాని ఒక అబ్బాయికి 14 వేలకిచ్చాను. లెన్సు అంచున కొంచెం ఫంగస్ ఉందని ముందే చెప్పి.

జర్మనీ కెమెరా లైకా కోట్లు పలుకుతుందట కదా అని కూడా అడిగారు. 2022లో ఒక లైకా వేలంలో కోటీ 44 లక్షల యూరోలు పలికిన మాట నిజమే. కానీ హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో ‘నిజాం నవాబుది’ అంటూ బంగారు రంగు లైకా చూపిస్తే కదలకుండా లెన్సు విప్పమనండి. లోపల పైన ఫోకస్‌కి తగిలే ముక్క గుండ్రంగా తిరిగే చిన్న చక్రంలా ఉంటేనే ముందుకెళ్లండి. ముక్కులా కోసుగా ఉంటే అది సోవియట్ కెమెరా ఫెడ్ లేదా జోర్కి, పైన పేరు మార్చి చెక్కినది.

చివరగా ఆ అగ్ఫా సంగతి. వెనక చిన్న ఎర్ర అద్దం ఉంటుంది. అందులో అంకె ఏదైనా కనిపిస్తే లోపల రీలు ఉన్నట్టే, తలుపు తెరవకండి. బ్లాక్ అండ్ వైట్ రీలయితే ఇన్నేళ్ల తర్వాత కూడా కడిగితే బొమ్మలు రావచ్చు. చూసి ఏ అంకె ఉందో రాయండి.