ఉల్లి ఆకు మీద మందు నిలవాలంటే

చిరంజీవి రమణకు,

పెదనాన్న ఆశీస్సులు. ఉల్లికి కొట్టిన మందంతా చుక్కలు కట్టి జారి సాలులో పడుతోందని రాశావు. మందు మంచిదే. అడ్డుపడుతున్నది ఆకు పైపొర.

ఆకు వెలుపల ఒకే వరస కణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. వాటిమీద క్యూటికిల్ అనే, నీరు అంత తేలిగ్గా దిగని పూత. ఆ పైన మైనం. ఆకును బొటనవేలితో రుద్దితే తెల్లగా అంటేది అదే. లోపలి తేమ ఆరిపోకుండా కాపాడేదీ, నీ మందును తోసేసేదీ అదే. పైగా ఉల్లి ఆకు నిలువుగా, గుండ్రంగా ఉంటుంది, చుక్క ఆగడానికి చోటేదీ?

అందుకే మందు నీళ్లను ఆకు మీద పరిచి అంటిపెట్టే జిగురు మందు కావాలి. లీటరుకు అర మి.లీ.తో మొదలుపెట్టు, అంటే 16 లీటర్ల ట్యాంకుకు 8 మి.లీ. సీసా మీద వేరే మోతాదు ఉంటే అదే పాటించు. మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరుకు 2.5 గ్రాముల లెక్కన 40 గ్రాములు బకెట్లో ముద్దగా కలిపి, పలచన చేసి, వడగట్టి సగం నిండిన ట్యాంకులో పొయ్యి. మిగతా నీళ్లు పట్టాక చివర్న జిగురు కలుపు. ముందే కలిపితే నురగ పొంగుతుంది. ఒక ఆకు తుంచి ఆ నీళ్లలో ముంచి చూడు. అంతటా పలచగా తడిస్తే చాలు. ఇంకా చుక్కలు కడుతుంటే మరో 4 మి.లీ. పొయ్యి, లీటరుకు 1 మి.లీ. మాత్రం దాటకు. జిగురుకు బదులు సర్ఫు జోలికి పోవద్దు. ఎక్కువైతే మైనం దెబ్బతిని ఆకు కొనలు మాడతాయి.

19-19-19 లాంటి నీళ్లలో కరిగే ఎరువులు పత్రరంధ్రాల్లోంచి లోపలికి పోతాయని చాలామంది అంటారు. ఆ రంధ్రాల్లో ఉండేది గాలి, మామూలు చుక్క అందులో దూరదు. కరిగిన ఎరువు చాలావరకు క్యూటికిల్ గుండానే మెల్లగా ఇంకాలి, అదీ చుక్క తడిగా ఉన్నంతసేపే. మిట్టమధ్యాహ్నం కొడితే చుక్క ఆరుతూ ఎరువు చిక్కబడి, కణాల్లోని నీటిని బయటికి లాగేస్తుంది. ఎండ తగ్గాక, లీటరుకు 5 గ్రాములు మించకుండా కొట్టు. మాంకోజెబ్ సంగతి వేరు. అది ఆకు పైనే ఉండి కాపు కాసే మందు, తడవని చోట కాపు లేనట్టే.

ఇక తామర పురుగులు. ఆకుల మొదట్లో దాక్కుని పైపొరను గీకి రసం పీలుస్తాయి. వెండి రంగు చారలు ఖాళీ అయిన కణాలవే. ఆ గాయాల్లోంచి ఊదా మచ్చ తెగులు సులువుగా లోపలికి దిగుతుంది. కాబట్టి మచ్చ కనిపించగానే మొవ్వు విప్పి చూడు. పురుగులుంటే నాజిల్‌ను మొవ్వులోకి తిప్పి ముందు వాటి మందు కొట్టు. ఒక్క మాంకోజెబ్‌నే నమ్ముకుంటే కొత్త గాయాల్లో మచ్చ మళ్లీ లేస్తుంది.

మీ పెదనాన్న