పాఠకుల ప్రశ్నలు: ఇంటిమీద సోలార్ ఉన్నా కరెంటు ఎందుకు పోతది?

ప్రశ్న (పరకాల నుంచి ఒక పాఠకురాలు): అన్నా, పోయినేడు సబ్సిడీ మీద ఇంటిపైన 3 కిలోవాట్ల సోలార్ పెట్టించినం. బిల్లు మస్తు తగ్గింది, దాంట్ల వంక లేదు. కానీ మొన్న గాలిదుమారానికి లైను తెగింది, తెల్లారి బాగుచేసేదాక పట్టపగలు ఎండ దంచుతున్నా ఇంట్ల ఫ్యాన్ తిరగలే. పెట్టినాయన్ని అడిగితే అంతే అన్నడు. కాలనీ అంతా కలిసి మైక్రోగ్రిడ్ పెట్టుకుంటే ఈ బాధ తప్పుతదా?

జవాబు: మీ సోలార్ ఖరాబు కాలేదక్కా. నెట్ మీటర్ (లైన్లకు ఇచ్చిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండూ లెక్కబెట్టేది) తోని పెట్టే మామూలు ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్ల వాడేటట్టు మార్చే డబ్బా) లైన్ల వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ పట్టుకొని నడుస్తది, అవి పోయినయంటే అదీ బందయితది, బంద్ కావాలనే రూల్. ఎందుకంటే లైన్‌మన్ సప్లై బంద్ చేసి స్తంభం ఎక్కుతడు, ఆ టైంల మీ ఇంటిమీదికెళ్లి కరెంటు ఉల్టా లైన్లకు పోతే ఆయన ప్రాణం పోతది.

కరెంటు పోయినా నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైను లేకున్నా సోలార్, బ్యాటరీ మీద ఇల్లు నడిపేది), లిథియం బ్యాటరీ కావాలె. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ వరకు వేరే వైరింగ్ చేయించి దానికి కలపాలె. 5 యూనిట్ల బ్యాటరీ అయితే నాలుగు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ రాత్రంతా దాదాపు ఎల్లదీస్తది. బోరు మోటరు మాత్రం దానికి కలపకున్రి, స్టార్ట్ అయ్యేటప్పుడు అది మామూలు కంటె ఐదారింతలు కరెంటు గుంజుతది, ఇన్వర్టర్ ట్రిప్ అయితది. ఇప్పుడున్న ఇన్వర్టర్‌కు బ్యాటరీ కలుస్తదా లేదా మోడల్ నంబర్ చెప్పి అడుగున్రి, శానా వాటికి కలవదు.

ఇగ మైక్రోగ్రిడ్ అంటే ఇదే పని కాలనీ మొత్తానికి చేసుడు. లైను పోంగనే ఒక స్విచ్ కాలనీని గ్రిడ్ (విద్యుత్ సంస్థ లైన్లు) నుంచి విడదీస్తది, లోపల సోలార్, పెద్ద బ్యాటరీ నడిపిస్తయి, చార్జింగ్ తగ్గుతుంటే కంట్రోలర్ ముందు మోటర్లు, ఏసీలు ఆపి లైట్లు, ఫ్యాన్లు కాపాడుతది, స్మార్ట్ మైక్రోగ్రిడ్ అనేది దీన్నే. కానీ వీధిల తీగలు విద్యుత్ సంస్థయి, వాళ్లు ఒప్పుకోకుండ ముట్టుకోవద్దు. నాకైతే అసలు భయం బ్యాటరీ ఖర్చు. బీహార్ల ధర్నై అనే ఊర్ల 2014ల 100 కిలోవాట్ల సోలార్ మైక్రోగ్రిడ్ పెడితే దేశమంతా పేరొచ్చింది, తర్వాత గవర్నమెంటు లైను తక్కువ రేటుకొచ్చింది, ఇటు బ్యాటరీలు పాడైనయి, అంతా మూలకుపడ్డది. అందుకే కాలనీ మీటింగ్‌ల ప్యానెళ్ల రేటు కంటె ముందు, బ్యాటరీ మార్చేనాటికి నెలనెలా ఇంటికెంత జమచేయాలె, లెక్క ఎవరు చూడాలె అనేది తేల్చుకోన్రి. అది తేలకపోతే మీ ఇంటివరకే పెట్టించుకోన్రి.