నోట్లో తెల్లమచ్చ: మార్కర్ పరీక్ష నార్మల్ వస్తే సరిపోతుందా?

ప్రశ్న: నా వయసు 44. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పని చేస్తున్నాను. పదిహేనేళ్లుగా ఖైనీ అలవాటు ఉంది. మూడు నెలలుగా ఎడమ బుగ్గ లోపల, ఖైనీ పెట్టుకునే చోటే, తెల్లమచ్చ కనిపిస్తోంది. నొప్పి లేదు కానీ కారం తగిలితే మంట పుడుతోంది. ల్యాబ్‌లో ప్యాకేజీ కింద క్యాన్సర్ మార్కర్ పరీక్ష (రక్తంలో క్యాన్సర్‌ను సూచించే పదార్థాలను చూసేది) చేయిస్తే సీఈఏ అనే మార్కర్ నార్మల్ అని వచ్చింది. ఉమ్ములోని ప్రోటీన్లను బట్టి నోటి క్యాన్సర్‌ను ముందుగానే కనిపెట్టవచ్చని చదివాను. ఆ పరీక్ష చేయించుకోమంటారా? ముక్క తీస్తే జబ్బు పాకుతుందని మావాళ్లు భయపెడుతున్నారు.
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: రక్త పరీక్ష నార్మల్ వచ్చిందని మీ బుగ్గలోని మచ్చ గురించి నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. సీఈఏ ప్రధానంగా పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో చికిత్స ఎలా సాగుతోందో గమనించడానికి వాడే మార్కర్; నోటి క్యాన్సర్ తొలిదశలో అది పెరగాలని లేదు. ఇలాంటి ప్యాకేజీల వల్ల డబ్బు పోతే పోయింది, డాక్టరుకు చూపించుకోవాల్సిన మనిషి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టుకుని మరో ఆరు నెలలు ఊరుకోవడమే అసలు నష్టం.

లాలాజల పరీక్ష గురించి మీరు చదివింది అబద్ధమేమీ కాదు. నోటి క్యాన్సర్ కణాలు చుట్టూ ఉన్న కణజాలాన్ని తొలుచుకుంటూ పోవడానికి ఎంఎంపీ-1, ఎంఎంపీ-9 వంటి ఎంజైములను ఎక్కువగా తయారు చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి వాపుకు సంబంధించిన ప్రోటీన్లు పెరుగుతాయి. చెదిరిన కణాల నుంచి సైఫ్రా 21-1 అనే, కెరాటిన్ ప్రోటీన్ తునక బయటపడుతుంది. ఇవి లాలాజలంలోకి చేరతాయి కాబట్టే పరిశోధకులు రక్తంతోపాటు ఉమ్ము మీదా దృష్టి పెట్టారు. 2008లో లాస్ ఏంజెలెస్ పరిశోధకులు లాలాజలంలోని మరో ఐదు ప్రోటీన్లను కలిపి చూసి, క్యాన్సర్ ఉన్నవారిలో 90 శాతం మందిని పట్టుకోగలిగారు, లేనివారిలో 83 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పగలిగారు.

వినడానికి గొప్పగా ఉన్న ఈ అంకెలను కాస్త లెక్క వేసి చూడండి. వెయ్యి మందిలో పది మందికి నిజంగా క్యాన్సర్ ఉందనుకుంటే, ఈ పరీక్ష తొమ్మిది మందిని పట్టుకుని ఒకరిని వదిలేస్తుంది. క్యాన్సర్ లేని 990 మందిలో దాదాపు 168 మందికి ఉందేమోనని చెప్పి కంగారు పెడుతుంది. పైగా ఆ అధ్యయనంలో పోల్చింది క్యాన్సర్ తేలిన 64 మందిని, ఆరోగ్యంగా ఉన్న 64 మందితో. మీలా మచ్చ ఉండి, అదేమిటో ఇంకా తేలని మనిషిలో నిర్ణయించడం అంతకన్నా కష్టం. చిగుళ్ల జబ్బు ఉన్నా ఇంటర్‌ల్యూకిన్లు పెరుగుతాయి. ఏళ్ల తరబడి ఖైనీ వేసేవారిలో చిగుళ్లు బాగున్నవారు నాకు అరుదుగా కనిపిస్తారు. అందుకే ఈ మార్కర్లు నేటికీ బయాప్సీకి, అంటే ముక్క తీసి చేసే పరీక్షకు, ప్రత్యామ్నాయం కాలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కారం మంట. మిర్చి ఘాటు మధ్య పని చేసేవారు దాన్ని సహజమని సరిపెట్టుకుంటారు. అయితే తెల్లమచ్చతో పాటు మంట ఉంటే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే, నోటి లోపలి పొర గట్టిపడి నోరు బిగుసుకుపోయే స్థితి మొదలైందేమో చూడాలి. ఇది ముఖ్యంగా వక్క నమిలేవారిలో వస్తుంది, కాబట్టి గుట్కా, వక్కపొడి అలవాటు కూడా ఉంటే డాక్టరు దగ్గర దాచకండి. మీ చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లను ఒకదాని మీద ఒకటి నిలువుగా ఉంచి, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టి చూడండి. మూడూ పట్టకపోతే నోరు బిగుసుకుంటున్నట్లు అనుమానించాలి. మచ్చలో ఎర్రటి భాగం కనిపించినా, వేలితో తడిమితే గట్టిగా తగిలినా, మెడలో గడ్డ ఉన్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు.

ఈ వారంలోనే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) దంత విభాగంలో గానీ, విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రిలో గానీ చూపించుకోండి. మంచి వెలుతురులో నోరంతా చూసే ఈ మామూలు పరీక్షను తక్కువ అంచనా వేయకండి. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు పరిశీలించినప్పుడు, పొగాకు లేదా మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో వెలువడిన అధ్యయనం చూపింది.

డాక్టరు బయాప్సీ అవసరమంటే వెనకాడకండి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, ఒకటి రెండు కుట్లు పడవచ్చు, సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయానికి ఆధారం లేదు. అప్పటికే ముదిరిన దశలో వచ్చినవారికి ఆ తర్వాత కష్టం ఎక్కువైతే, జనం ఆ నెపాన్ని బయాప్సీ మీద వేస్తుంటారు. రిపోర్టులో డిస్‌ప్లేసియా అని రాసి ఉంటే కణాల్లో మార్పు మొదలైందని అర్థం, అది క్యాన్సర్ అని కాదు. దాని తీవ్రతను బట్టి మచ్చను తొలగించాలా, కొన్ని నెలలకోసారి చూస్తే చాలునా అన్నది నిర్ణయిస్తారు. ఈలోగా ఖైనీ పూర్తిగా ఆపేయండి. సొంతంగా మానలేకపోతే జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2356కు ఫోన్ చేయండి. మానేశాక మచ్చ పల్చబడినా సరే, ఆసుపత్రికి వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి.